కత్తెర పక్కన పెట్టి, ముందు పాదు చూడండి

ప్రశ్న: మాది గుంటూరు, గోరంట్ల వైపు కొత్తగా కట్టుకున్న ఇల్లు. నిరుడు శ్రావణంలో గృహప్రవేశం అయ్యాక గేటు బయట ఒక వేప, ఒక కానుగ, లోపల నైరుతి మూల ఒక బంగినపల్లి అంటు మామిడి పెట్టాం. మూడూ కడియం నుంచి తెప్పించిన మొక్కలే. ఇప్పుడు ఫాల్గుణం వచ్చేసరికి వేప ఆకులన్నీ పసుపెక్కి రాలిపోతున్నాయి. కానుగ పైన రెండుగా చీలి పెరుగుతోంది. మామిడి ఆకుల అంచులు మాడుతున్నాయి కానీ, మొదట్లోంచి రెండు కొమ్మలు మాత్రం ఏపుగా వస్తున్నాయి, పైన పూత కూడా వేసింది. తలలు తుంచేస్తే గుబురుగా వస్తాయని మా మామయ్యగారు అంటారు. మాలి కింది కొమ్మలన్నీ తీసేసి శుభ్రం చేస్తానంటాడు, నెలకోసారి గుప్పెడు యూరియా కూడా వేస్తాడు. ఆర్‌ఓ మిషన్ నుంచి వృథాగా పోయే నీళ్లు రోజూ వాటికే పోస్తున్నాం. గాలికి ఊగకుండా సెంట్రింగ్ వాళ్లు వదిలేసిన ఇనుప చువ్వలు పాతి తీగతో గట్టిగా కట్టాం. వేప పైన కరెంటు తీగలు ఉన్నాయి. ఏం కత్తిరించాలి, ఎప్పుడు కత్తిరించాలి? ఎండలు ముదురుతున్నాయి, టెన్షన్‌గా ఉంది.

సమాధానం: మీరు అడిగింది కత్తెర గురించి, కానీ మీరు రాసింది చదివితే మీ మొక్కల కష్టాలు చాలావరకు కింద, మొదటి దగ్గరే ఉన్నాయండీ. మూడింటికీ కలిపి ఇప్పుడు పడాల్సిన కోతలు రెండో మూడో, అంతే. మిగతా పనంతా చేత్తో, గునపంతో, బకెట్‌తో.

ముందు ఆ తీగ సంగతి. ఇది చదవడం ఆపి వెళ్లి విప్పేసినా నేనేమీ అనుకోను. బెరడు కింద పలచటి పొరలోంచే ఆకులు తయారుచేసిన ఆహారం వేర్లకు దిగుతుంది, కాండం ఏడాదికి ఏడాది లావెక్కేది కూడా అక్కడే. మొక్క లావెక్కుతుంటే సెంట్రింగ్ తీగ సాగదు, లోపలికి కోసుకుపోతుంది, పైన ఆకు పచ్చగా ఉన్నంతకాలం ఎవరికీ తెలియదు, ఆ తర్వాత ఒక గాలివానకు సరిగ్గా ఆ కట్టు దగ్గరే పుటుక్కున విరుగుతుంది. తీగ విప్పాక మొక్క దానంతట అది నిలబడుతుందేమో చూడండి. నిలబడితే చువ్వ కూడా పీకేయండి. వాలిపోతుంటే కాండాన్ని చేత్తో పట్టుకుని కింది నుంచి పైకి జరుపుతూ వెళ్లండి, ఏ ఎత్తులో పట్టుకుంటే తల నిటారుగా నిలుస్తుందో అక్కడ, అంతకంటే పైన వద్దు, వెడల్పాటి గుడ్డ పేలికతోనో పాత సైకిల్ ట్యూబు ముక్కతోనో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. కర్ర మొక్కకు ఆనకూడదు, మధ్యలో నాలుగు వేళ్ల సందు ఉండాలి. అసలు మొక్క కొంచెం ఊగాలి. గాలికి ఊగిన కాండమే మొదట్లో లావెక్కుతుంది, వేర్లూ పట్టు బిగిస్తాయి. కదలకుండా బిగించి కట్టిన మొక్క సన్నగా పొడుగ్గా సాగుతుంది, కట్టు తీసిన రోజు వంగిపోతుంది. వచ్చే వానాకాలం దాటాక ఏ మొక్కకూ ఊతకర్ర అవసరం ఉండకూడదు, ఇంకా ఉందంటే వేర్లలో ఏదో తేడా ఉన్నట్టు.

ఇప్పుడు మామిడి. మొదట్లోంచి ఏపుగా వస్తున్న ఆ రెండు కొమ్మలు చూసి మీరు సంతోషపడుతున్నట్టున్నారు, కానీ నా అనుమానం అవి బంగినపల్లివి కావు. అంటు మొక్కలో కింది భాగం ఏదో టెంక నుంచి మొలిచిన నాటు మొక్క, దాని మీద బంగినపల్లి పుల్ల అతికిస్తారు. అతుకు కింద నుంచి వచ్చే ప్రతి చిగురూ నాటుదే. దానికి వేరు దగ్గర కాబట్టి బలం ఎక్కువ, వదిలేస్తే రెండు మూడేళ్లలో పైన ఉన్న బంగినపల్లిని తొక్కేస్తుంది. బంగినపల్లి అని కొని పెట్టాం, తీరా చూస్తే పీచుకాయలు కాస్తోంది, నర్సరీ వాడు మోసం చేశాడు అని తిట్టుకునే ఇళ్లలో చాలా చోట్ల జరిగింది ఇదే. కాండం మీద వాచినట్టు, కొంచెం వంకరగా ఒక ముడి కనిపిస్తుంది, అదే అతుకు. ఆ రెండు కొమ్మలు ముడి కింద నుంచి వస్తుంటే పుట్టిన చోటుకంటా తీసేయండి. లేతగా ఉంటే బొటనవేలితో పక్కకు వంచి పీకేస్తే ఇంకా మంచిది, కళ్లతో సహా వచ్చేస్తాయి, మళ్లీ చిగురించవు. అంటు కట్టినప్పుడు చుట్టిన ప్లాస్టిక్ రిబ్బన్ ఇంకా ఉందేమో కూడా చూడండి. ఉంటే బ్లేడుతో నిలువుగా కోసి తీసేయండి, అదీ తీగ లాగే పనిచేస్తుంది.

ముడి అసలు కనిపించకపోతే? అప్పుడు మొక్కను లోతుగా పాతినట్టే. నేను చూసిన కొత్త ఇళ్లలో ఇది మామూలు, గట్టిగా నిలబడాలని అర అడుగు లోపలికి దించి మట్టి కప్పి తొక్కేస్తారు. గుంటూరు నల్లరేగడిలో ఇది ఇంకా ప్రమాదం, వానాకాలంలో నీళ్లు దిగక మొదట్లో నిలిచిపోతాయి, బెరడు కుళ్లుతుంది. చేత్తో, చిన్న పుల్లతో మెల్లగా మట్టి తీస్తూ వెళ్లండి, గునపం పెట్టొద్దు. కాండం కింద వెడల్పయి మొదటి పెద్ద వేరు పక్కకు తిరిగే చోటు కనిపించేదాకా. అది రెండు మూడు అంగుళాల లోపల ఉంటే చుట్టూ మట్టిని అడుగున్నర దూరం వరకు పలచగా లాగేస్తే చాలు, సమస్య తీరుతుంది. అంతకంటే లోతుగా ఉంటే ఇప్పుడు ఈ ఎండల్లో కదపకండి. మృగశిర కార్తె దాటి రెండు మంచి వానలు పడ్డాక వేరుగడ్డతో సహా తవ్వి తీసి, నేల కంటే రెండు అంగుళాలు ఎత్తున మళ్లీ నాటండి, నల్లరేగడి ఎలాగూ కొంత దిగుతుంది. ఆ పని చేసేటప్పుడు నర్సరీ కవరులో ఉన్నప్పుడే గుండ్రంగా చుట్టుకుపోయిన వేర్లు కనిపిస్తే మొహమాటపడకుండా కత్తిరించండి. కవరు మొక్కలకు ఉండే పెద్ద జబ్బు అదే, ఆ చుట్టలు లావెక్కి పదేళ్ల తర్వాత చెట్టు మొదటికే ఉరి వేస్తాయి. ఇల్లు కట్టినప్పుడు పడ్డ కంకర, సిమెంటు పెళ్లలు, ఇటుక ముక్కలు గుంతలో తగిలితే అవీ ఏరి పారేయండి.

ఇక ఆకుల అంచులు మాడటం. ఆర్‌ఓ మిషన్ మంచి నీళ్లు మీకిచ్చి, నీళ్లలో ఉన్న ఉప్పంతా ఆ వృథా నీళ్లలోకి నెడుతుంది. దాన్ని మీరు రోజూ మామిడికి పోస్తున్నారు, పైన నెలనెలా యూరియా. మామిడి ఉప్పుకు బొత్తిగా ఓర్చుకోలేని చెట్టు, ముదురు ఆకుల కొనలు, అంచులు ముందు మాడతాయి, మీరు చెప్పింది అచ్చం అలాగే ఉంది. ఆ నీళ్లు ఇల్లు తుడవడానికి, బాత్రూములకు వాడుకోండి. ఏసీ నీళ్లు మాత్రం నిశ్చింతగా పోయొచ్చు, వాటిలో ఉప్పు దాదాపు ఉండదు. ఈ రెండూ ఒకటే అనుకుని రెండూ పోసేవాళ్లు, రెండూ మానేసేవాళ్లు చాలామంది ఉన్నారు. మీ బోరు నీళ్లు నోట్లో వేసుకుంటే ఉప్పగా ఉంటే అవీ వద్దు, మున్సిపాలిటీ నీళ్లు పోయండి. ఒకసారి మంచి నీళ్లు పాదు నిండా, ఇంకేదాకా, మళ్లీ నిండా పెట్టి, ఉప్పును కిందికి నెట్టి, తర్వాత నేల ఆరనివ్వండి. మాడిన ఆకులు మళ్లీ పచ్చబడవు, వాటిని తెంపకండి కూడా, మధ్యలో మిగిలిన పచ్చభాగం ఇంకా పని చేస్తూనే ఉంటుంది. కొత్తగా వచ్చే ఆకులు శుభ్రంగా వస్తే మీరు గెలిచినట్టే. రాకపోతే లాం ఫారంలో, అంటే అక్కడి వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో, మట్టి పరీక్ష గురించి అడగండి, మీకు దగ్గరే కదా.

నీళ్లు ఎన్ని, ఎన్నాళ్లకు అని అడగలేదు కానీ కొత్త మొక్కను బతికించేదీ చంపేదీ అదే. రోజూ రెండు చెంబులు పోస్తే పై రెండంగుళాలే తడుస్తాయి, వేర్లు అక్కడే తిరుగుతాయి, రోహిణి కార్తెలో ఆ రెండంగుళాలే పెనంలా కాలుతాయి. అలా కాకుండా ఒకేసారి రెండు బకెట్లు, అంటే దాదాపు 30 లీటర్లు, మెల్లగా పెట్టండి. మళ్లీ ఎప్పుడు అంటే తారీఖు చూసి కాదు, సన్న చువ్వ ఒకటి నేలలో గుచ్చి చూసి. తడి ఉన్నంత వరకు సులువుగా దిగుతుంది, పొడి తగిలితే ఆగిపోతుంది. జానెడు లోతు దిగకపోతే నీళ్లు పెట్టండి. మీ నేలలో ఇప్పుడు నాలుగైదు రోజులకోసారి, మే నెలలో రెండు మూడు రోజులకోసారి అవసరం పడొచ్చు. పాదు కాండానికి ఆనుకుని గిన్నెలా చేయకండి. మొదటి దగ్గర కొంచెం ఎత్తుగా, చుట్టూ అడుగు దూరంలో కాలువలా ఉండాలి, ఏటా ఆ కాలువను వెలుపలికి జరుపుతూ పోవాలి, ఎందుకంటే వేరు అటే వెళ్తుంది. పైన వరిగడ్డో, ఎండుటాకులో, వేరుశనగ పొట్టో మూడంగుళాల మందం పరవండి, కాండానికి మాత్రం బెత్తెడు దూరం వదలండి. చెదలు భయం ఉంటే గడ్డి కంటే ఎండుటాకులు నయం, అప్పుడప్పుడు తిరగేస్తూ ఉండండి. నల్లరేగడి పగుళ్లిస్తే ఆ పగుళ్లలో లేత వేర్లు తెగిపోతాయి, పైన కప్పు ఉంటే పగుళ్లు తగ్గుతాయి. పడినవాటిని పొడిమట్టితో పూడ్చేయండి.

వేప ఆకులు రాలుతున్నాయని కంగారు అక్కర్లేదు. ఇది దాని ఆకురాలు కాలం, ఉగాదికి పూత కోసం మనం వెతుక్కునే లోపే కొత్త చిగురు వేస్తుంది. కానుగ కూడా ఇదే రోజుల్లో ఆకు మారుస్తుంది, అది మోడు కాగానే ఈ ఉత్తరం మళ్లీ రాయకండి! అనుమానంగా ఉంటే పుల్ల మీద గోటితో గీరండి, కింద పచ్చగా ఉంటే బతికే ఉంది, గోధుమరంగులో పొడిగా ఉంటే ఆ పుల్ల పోయింది. వానాకాలం చివర, చలి మొదట్లో వేప కొమ్మల కొనలు మంట తగిలినట్టు ఎండితే అది వేరే సంగతి. కొన్నేళ్ల కిందట మన రెండు రాష్ట్రాల్లోనూ ఊరూరా వేపలు అలా మాడటం అందరూ చూశారు, ఫోమోప్సిస్ అనే బూజు తెగులు దానికి ముఖ్య కారణం. అప్పుడు కూడా చాలా చెట్లు వేసవి చిగురుతో తేరుకున్నాయి, చచ్చిపోయాయనుకుని తొందరపడి కొట్టేసినవాళ్లే నష్టపోయారు.

మామయ్యగారి మాటకు వద్దాం. తల తుంచితే గుబురుగా వస్తుందన్నది అబద్ధం కాదు. గోరింటకు, మల్లెకు, కరివేపాకుకు, జామకు నిజమే, ఆయన చూసింది అవే అయ్యుంటాయి. కొనలో ఉన్న మొగ్గ ఒక హార్మోన్ తయారుచేసి కింది మొగ్గలను అణచిపెడుతుంది, కొన తుంచగానే ఆ అదుపు పోయి కోత కింద ఉన్న మొగ్గలన్నీ ఒక్కసారి లేస్తాయి. పొదకు అది కావాలి. నలభై అడుగులు పెరిగి కారు మీదా మనుషుల మీదా నీడపట్టాల్సిన వేపకు అది శాపం, ఒకే చోటు నుంచి నాలుగైదు సమాన బలం ఉన్న కొమ్మలు పుట్టి, లావెక్కే కొద్దీ ఒకదాన్నొకటి తోసుకుని, అక్టోబరులోనో నవంబరులోనో ఒక తుఫాను గాలికి చీలిపోతాయి. కాబట్టి వేపకు, కానుగకు తల ముట్టుకోవద్దని ఆయనకు చెప్పండి, కరివేపాకు చెట్టు ఒకటి ఆయనకు అప్పజెప్పండి. మామిడిని తోటల్లో మోకాలి ఎత్తు దాటాక ఒకసారి తుంచి మూడు నాలుగు కొమ్మలు తీసుకునే పద్ధతి ఉంది, కానీ అది కుదురుకున్న మొక్కకు. మీది ముందు ఉప్పు నుంచి కోలుకోవాలి.

ఇంకో మాట కూడా వింటుంటాం, నాటగానే ఆకు తగ్గిస్తే వేర్ల మీద భారం తగ్గుతుందని. రోడ్డు వెడల్పు చేసేటప్పుడు పెద్ద చెట్టును పెకలించి మరోచోట నాటితే కొమ్మలు కొట్టేస్తారు, నిజమే, అక్కడ వేర్లు ముప్పావు వంతు తెగిపోయి ఉంటాయి. మీ కవరు మొక్కకు తెగిన వేరు ఏదీ లేదు. దానికి కొత్త వేరు రావాలంటే ఆహారం కావాలి, ఆ ఆహారం వండేది ఆకు. మాలి తీసేస్తానన్న కింది కొమ్మలు అందుకే ఉండాలి, కాండం మొదలు లావెక్కేది వాటి వల్లే, మండే పడమటెండకు లేత బెరడు పేలిపోకుండా నీడ ఇచ్చేదీ అవే. దారికి అడ్డం వస్తే అడుగు పొడవు ఉంచి కొన తుంచండి, అంతే. బొటనవేలు లావు అయ్యాక ఏడాదికి ఒకటి రెండు చొప్పున కింది నుంచి తీసుకుంటూ పోండి, ఎప్పుడు చూసినా మొత్తం ఎత్తులో మూడింట రెండు వంతులు ఆకు ఉండాలి. ఒక ఏడాదిలో మొత్తం ఆకులో పావు వంతు మించి తీయకూడదు.

కానుగకు పైన రెండు తలలు అన్నారు కదా, అదొక్కటే నిజంగా కత్తెర పని. రెండూ ఒకే లావు ఉండి ఇరుకు సందుతో పైకి పోతుంటే మధ్యలో బెరడు ఇరుక్కుంటుంది, చెక్క చెక్కతో అతకదు, పెద్దయ్యాక చీలేది అక్కడే. నిటారుగా, ఆరోగ్యంగా ఉన్నదాన్ని ఉంచుకోండి. రెండోదాన్ని మొత్తం తీయకుండా సగానికి, ఒక పక్కకొమ్మ ఉన్న చోట కత్తిరించండి, చిగురు వేయకముందే, అంటే ఈ వారం పది రోజుల్లో. అది వెనకబడుతుంది, మొదటిది నాయకత్వం తీసుకుంటుంది. వచ్చే ఏడాది ఇదే రోజుల్లో మిగిలిన సగం తీసేయండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం ఏ కోతా వద్దు.

పూర్తిగా తీసేటప్పుడు ఎక్కడ కోయాలో మీ మాలికి చూపించండి. కొమ్మ కాండంలో కలిసే చోట చిన్న ఉబ్బు, ముడతలు పడ్డ బెరడు ఉంటుంది. కోత ఆ ఉబ్బుకు బయట పడాలి. కాండానికి సమంగా చెక్కేస్తే ఉబ్బు పోతుంది, జానెడు మొద్దు వదిలేస్తే అది కుళ్లి లోపలికి దారి ఇస్తుంది. అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేల చెట్లను నిలువునా కోసి చూపించింది ఇదే, చెట్టు మనలాగా గాయం మాన్పుకోదు, దాని చుట్టూ గోడ కట్టి వేరుచేస్తుంది, కొమ్మ తీసిన చోట ఆ గోడ కట్టడానికి ఆ ఉబ్బే ముఖ్యం. కోత మీద తారు, పెయింటు పూయడం దండగ, తడిని లోపల పట్టి ఉంచుతాయి. మామిడికి, అదీ వానల్లో కోస్తే, బోర్డో పేస్టు రాయడం మన తోటల అలవాటు, అందులో తప్పు లేదు. 100 గ్రాముల మైలుతుత్తం ప్లాస్టిక్ మగ్గులో అర లీటరు నీళ్లలో, 100 గ్రాముల సున్నం మరో అర లీటరులో విడివిడిగా కరిగించి కలపండి, ఇనుప గిన్నె వాడకండి. కత్తెరను ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు వెళ్లే ముందు స్పిరిట్‌తో తుడవండి.

పూత గురించి ఇంట్లో గొడవ అవుతుందేమో. అంటు పుల్ల కాపుకొచ్చిన చెట్టు నుంచి తెచ్చింది కాబట్టి తన వయసు తను పెద్దదే అనుకుంటుంది, జానెడు మొక్కకే పూత వేస్తుంది. తీసేయండి, వచ్చే రెండేళ్లూ కూడా. రెండు కాయలు మోయడానికి పెట్టే శక్తితో అది రెండు కొత్త చిగుళ్లు వేసుకుంటుంది. ఈ ఏడు బంగినపల్లికి నూజివీడు ఉంది.

మిగిలింది కరెంటు తీగల కింద వేప, దీనికి మాత్రం తియ్యటి సమాధానం లేదు. ఎంత బాగా పెంచినా నాలుగైదేళ్లలో తీగలను తాకుతుంది, ఆ తర్వాత ఏటా వానలకు ముందు లైన్‌మెన్ వచ్చి తల నరుకుతారు, వాళ్ల తప్పేమీ లేదు. ఇప్పుడు భుజం ఎత్తు మొక్కే కాబట్టి జులైలో వేరుగడ్డతో తీసి తీగలు లేని చోట, ఇంటి వెనకో, కాలనీ పార్కులోనో నాటేయండి. ఆ చోట దేవగన్నేరో, పారిజాతమో, నందివర్ధనమో పెట్టుకోండి, పూజకు పూలూ వస్తాయి. పెద్దయ్యాక మార్చుదాంలే అంటే కుదరదు, అప్పటికి వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల రక్షణ చట్టం) కింద అనుమతులు కూడా తోడవుతాయి.

మాలి నెలనెలా రావాల్సిన పని లేదండీ. యూరియా పూర్తిగా ఆపేయమనండి. తొలకరి తర్వాత మొక్కకు రెండు తట్టల మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కలిపి పాదు అంచున వేయించండి, కాండం దగ్గర కాదు. అప్పటిదాకా ఆయన చేత మీరు చేయించాల్సింది గేటు బయట రెండు మొక్కలకు మేకలు మూతి పెట్టకుండా ట్రీ గార్డు, లేదంటే తుమ్మకంప.